ఖరగ్‌పూర్ ఎర్రనేల - ఇనుమును కొలిచి తీసుకొనే వరిమొక్క

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగు పాఠకునకు ముందుగా స్ఫురించేది రైలు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు అనేకం ఈ ఊరికి తరలివెళ్లి, కర్మాగారంలోను, లోకో షెడ్డులోను, స్టేషనులోను పనులకు కుదిరి, అక్కడే స్థిరపడిన సంగతి ప్రసిద్ధమైనదే. నేటికీ గోల్‌బజారులో బెంగాలీ, హిందీ భాషలతో పాటు తెలుగు ధారాళంగా వినబడుతుంది. ఇక్కడి స్టేషనులోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం సిద్ధమయ్యే వరకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పాఠ్యపుస్తకాలలో చోటు సంపాదించుకొన్నది. ఇంత ఇనుము నడిచే ఊరిలో, పట్టాల అడుగున ఉన్న మట్టిలో కూడ ఇనుము విస్తారంగా ఉన్నదనే విషయం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. చుట్టుపట్ల గ్రామాల రైతుకు ఆ ఇనుముతోనే పని.

రైలు పట్టాకు పట్టిన తుప్పుకూ, ఆ పట్టా ప్రక్కనున్న నేల ఎరుపుకూ కారణం ఒక్కటే. ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఏర్పడే ఆక్సైడులే రెండింటికీ ఆ రంగునిస్తాయి. బెంగాలీలు ఈ నేలను 'లాల్ మాటి' అంటారు. గులకతో కూడిన గట్టినేలను 'మొరం' అంటారు. ఈ రెండవ మాట మన రోడ్డుపని మేస్త్రీలకు కూడ సుపరిచితమే. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే పర్యవేక్షకుడు కేరళలోని అంగాడిపురం వద్ద ఇటువంటి నేలను వర్ణిస్తూ, ఇటుక అనే అర్థంగల లాటిన్ పదం నుండి దానికి 'లాటరైట్' అని పేరు పెట్టాడు. త్రవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి సోకిన తరువాత ఇటుకవలె గట్టిపడటం ఈ నేల స్వభావం. వేల సంవత్సరాలుగా కురిసిన భారీ వర్షాలు మట్టిలోని సున్నం, మెగ్నీషియం, పొటాషియం, సిలికా వంటి పదార్థాలను కడిగివేయగా, కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలిపోయి ఇటువంటి నేలలు ఏర్పడ్డాయి. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే గడ్‌బేతా సమీపంలో శిలావతి నది కోసివేసిన గన్‌గనీ లోయలో ఈ ఎర్రని పొరలను నిలువుగా చూడవచ్చు.

భూమి పైపొరలో బరువును బట్టి సుమారు 5 శాతం ఇనుమే. కనుక మొక్కకు ఇనుము కరువు కావడం గాని, ఎక్కువ కావడం గాని నేలలో ఎంత ఇనుమున్నదనే దానిపై ఆధారపడదు. అది ఏ రూపంలో ఉన్నదనేదే ముఖ్యం. గాలి చక్కగా ఆడే నేలలో ఇనుము 'ఫెర్రిక్' రూపంలో ఉంటుంది. ఇది తుప్పు రూపం. నీటిలో దాదాపు కరగదు. మడిలో నీరు నిలిచినప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు కొద్దిరోజులలోనే ప్రాణవాయువును వాడివేస్తాయి. ఆపైన తమ శ్వాసక్రియ సాగించుకొనడానికి కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువుకు బదులు ఫెర్రిక్ ఇనుమును ఉపయోగించుకొంటాయి. దానితో ఇనుము 'ఫెర్రస్' రూపంలోకి మారి నీటిలో కరుగుతుంది. ఎర్రనేలలలో ఎత్తు పొలానికీ, దాని దిగువనున్న పల్లానికీ మధ్య వంద గజాల దూరమే ఉండవచ్చు. కాని ఇనుము విషయంలో అవి రెండు వేర్వేరు దేశాలు. వర్షాకాలంలో మెరక నుండి ఊటనీరు ఇనుమును మోసుకొని పల్లానికి దిగుతుంది. అటువంటి పల్లపు మడులలో నీటిపై నూనెవలె మెరిసే తెట్టు, కాలువ గట్ల వెంట ఎర్రని బురద కనబడుతూ ఉంటాయి.

కంచు రంగు ఆకు

పల్లంలో నాటిన వరికి ఈ కరిగిన ఇనుము మితిమీరి చేరినప్పుడు వచ్చే లక్షణాలు స్పష్టమైనవి. మొదట క్రింది ఆకుల కొనల వద్ద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు కనబడతాయి. అవి క్రమంగా ఆకు మొదలు వైపు వ్యాపించి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చివరకు ఆకంతా కంచు రంగుకు తిరిగి ఎండిపోతుంది. పిలకలు తగ్గుతాయి, వేర్లు కురచబడి నల్లబడతాయి, వెన్నులో తాలు పెరుగుతుంది. చాలాకాలం దీనిని తెగులుగా భావించి రైతులు మందులు చల్లిన సందర్భాలు లేకపోలేదు. 1955లో శ్రీలంకకు చెందిన ఫెలిక్స్ పొన్నంపెరుమ, మరి ఇద్దరు సహశాస్త్రజ్ఞులతో కలిసి, ఈ కంచు రంగుకు కారణం ఏ సూక్ష్మజీవీ కాదని, ఇనుము విషప్రభావమేనని ప్రకటించారు. తరువాతి కాలంలో ఆయన ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో నీటిమడుల రసాయనశాస్త్రానికి పునాది వేశారు. పశ్చిమ బెంగాల్, ఒడిశా, జార్ఖండ్ ఎర్రనేలలలోను, అస్సాంలోను, కేరళలోను ఈ సమస్య ఉన్నది. నష్టం ఒక్కొక్క మడిలో స్వల్పంగా ఉంటుంది, మరొక మడిలో పంట పూర్తిగా పోవచ్చు.

ఇనుము ఎందువల్ల విషమవుతుంది? 1894లో హెన్రీ ఫెంటన్ గమనించిన ఒక రసాయన చర్య దీనికి సమాధానం ఇస్తుంది. మొక్క కణాలలో సహజంగానే కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడు ఉత్పత్తి అవుతూ ఉంటుంది. ఫెర్రస్ ఇనుము స్వేచ్ఛగా తిరుగుతూ దానిని తాకితే, అతి తీవ్రంగా చర్య జరిపే కణశకలాలు పుడతాయి. అవి కణపు పొరలను, మాంసకృత్తులను, జన్యుపదార్థాన్ని సైతం దెబ్బతీస్తాయి. అయితే ఇదే ఇనుము లేనిదే మొక్క పత్రహరితాన్ని తయారుచేయలేదు. కిరణజన్య సంయోగక్రియలోను, శ్వాసక్రియలోను ఎలక్ట్రానులను ఒకచోటు నుండి మరొకచోటికి అందించేది ఇనుముతో కూడిన మాంసకృత్తులే. వరిలో కిలో ఎండుటాకుకు సుమారు 70 మిల్లీగ్రాముల ఇనుము కంటే తగ్గితే లోపలక్షణాలు తలెత్తుతాయి. 300 మిల్లీగ్రాములు దాటితే విషలక్షణాలు మొదలయ్యే ప్రమాదం ఉన్నది. ఈ రెండు అంకెల నడుమ ఉన్న ఇరుకు దారిలోనే మొక్క బ్రతుకు సాగించాలి.

తెల్లబారిన ఆకు

ఈ చిత్రానికి మరొక ప్రక్క తెలుగు ప్రాంతాలలో కనబడుతుంది. సున్నం అధికంగా ఉన్న నేలలలో వేసిన వేరుశనగ, చెరకు లేత ఆకులు పసుపుబారి, ముదిరితే తెల్లగా పాలిపోవడం రైతులు ఎరిగినదే. పొడినేలలో పోసిన వరి నారుమళ్లు కూడ ఇదే విధంగా తెల్లబారుతాయి. ఈ నేలలలో ఇనుముకు కొదవ లేదు. క్షార గుణం వల్ల అది పూర్తిగా బిగుసుకొనిపోయి వేరుకు అందదు. మొక్క శరీరంలో ఇనుము పాత ఆకుల నుండి కొత్త ఆకులకు సులభంగా కదలదు కనుక లోపం ముందుగా లేత ఆకులలో బయటపడుతుంది. విషప్రభావం ముందుగా ముదురు ఆకులలో కనబడుతుంది. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకొన్నా పొలంలో తొందరపాటు నిర్ణయాలు చాలావరకు తప్పుతాయి.

దీనికి వ్యవసాయశాఖ వారు సిఫారసు చేసే చికిత్స అన్నభేది. వేరుశనగకు లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారి చేస్తారు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. నిమ్మఉప్పు దానిని తిరిగి తుప్పు రూపంలోకి మారకుండా కాపాడుతుంది. ఈ మందు వేసిన వారం పదిరోజులలో ఆకుపచ్చదనం తిరిగి వస్తుంది గాని, తరువాత పుట్టిన ఆకులు మళ్లీ పసుపుబారుతాయి. అందుచేతనే రెండు మూడు పర్యాయాలు చల్లవలసి ఉంటుంది. మొక్క స్వయంగా ఇనుమును సంపాదించుకొనగలిగితే ఈ ఖర్చు తప్పుతుంది కదా అన్న ఆలోచన శాస్త్రజ్ఞుల దృష్టిని జన్యువుల వైపు మళ్లించింది.

వేరు చేసే పని

జన్యువు అంటే ఒక మాంసకృత్తును నిర్మించడానికి కణం వద్ద భద్రపరచబడిన వ్రాతప్రతి అనుకోవచ్చు. ఆ ప్రతి అన్ని కణాలలోను ఉంటుంది. అయితే ఏ కణంలో, ఏ సమయంలో, ఎంతమేరకు చదవబడుతుందనేది పరిస్థితిని బట్టి మారుతుంది. ఇనుము కరువైనప్పుడు వేరులో కొన్ని వ్రాతప్రతులు జోరుగా చదవబడతాయి.

వేరుశనగ, కంది, టమాట, ఆవ వంటి మొక్కలు అనుసరించే పద్ధతి ఒకటి. ఇవి ముందుగా వేరు చుట్టూ ఉన్న మట్టిలోకి ఆమ్లాన్ని వదిలి, బిగుసుకొన్న ఫెర్రిక్ ఇనుమును కొంత కరిగిస్తాయి. తరువాత వేరు ఉపరితలం మీదనున్న ఒక ఎంజైము ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుంది. చివరకు కణపు పొరలో ద్వారపాలకునివలె అమరియున్న మరొక మాంసకృత్తు ఆ ఫెర్రస్ ఇనుమును లోపలికి చేరవేస్తుంది. ఈ ద్వారానికి ఐఆర్‌టి-1 అని పేరు. దీనిని 1996లో కనుగొన్న విధానం ముచ్చటైనది. ఇనుమును పీల్చుకొనలేక చనిపోయే ఈస్టు కణాలను తీసుకొని, ఆవజాతికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క జన్యువులను వాటిలో ప్రవేశపెట్టారు. ఏ జన్యువు చేరిన ఈస్టు బ్రతికి బట్టకట్టిందో ఆ జన్యువే ఇనుముకు దారి ఇస్తున్నదని తేలింది. ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చే ఎంజైము జన్యువు 1999లో దొరికింది.

గడ్డిజాతికి చెందిన వరి, గోధుమ, బార్లీ, మొక్కజొన్నలది వేరొక మార్గం. ఇవి తమ వేళ్ల నుండి ఒకవిధమైన సేంద్రియ పదార్థాన్ని మట్టిలోకి విడుదల చేస్తాయి. అది ఫెర్రిక్ ఇనుమును పట్టుకారుతో పట్టినట్లు పట్టుకొంటుంది; వేరు ఆ పట్టుకారును ఇనుముతో సహా లోపలికి లాగుకొంటుంది. 1976లో జపాను శాస్త్రజ్ఞుడు తకాగీ ఓటు, వరి వేళ్లను కడిగిన నీటిలో ఈ పదార్థాలు ఉన్నట్లు ప్రకటించాడు. వీటిలో ముఖ్యమైనదానికి 'ముజీనిక్ ఆమ్లం' అని పేరు. జపాను భాషలో బార్లీని 'ముగి' అంటారు. బార్లీ ఈ ఆమ్లాన్ని ఉదయం పూట, సూర్యోదయమైన కొద్ది గంటలకు, ఒక్కసారిగా ఎక్కువగా విడుదల చేస్తుంది. సూక్ష్మజీవులు దానిని తినివేసే లోపల పని ముగించుకొనడానికి ఇది మంచి ఉపాయమని చెప్పవచ్చు. ఇనుముతో కూడిన ఈ సంయోగాన్ని లోనికి తీసుకొనే ద్వారం మొక్కజొన్నలో 2001లో గుర్తించబడింది. ఆ ద్వారం చెడిపోయిన మొక్కజొన్న ఆకుల మీద పసుపు చారలు ఏర్పడతాయని 1929లోనే బీడిల్ వ్రాసియున్నాడు. చారలకు కారణం తెలియడానికి డెబ్బదిరెండేళ్లు పట్టింది.

ఈ గడ్డిజాతులన్నింటిలో వరి కొంత విచిత్రమైనది. నీటిమడిలో పుట్టిపెరిగే మొక్క కనుక దానికి కరిగిన ఫెర్రస్ ఇనుము ఎదురుగానే ఉంటుంది. అందువల్ల బార్లీతో పోలిస్తే అది చాల తక్కువ ముజీనిక్ ఆమ్ల జాతి పదార్థాన్ని విడుదల చేస్తుంది. దానికి తోడు మొదటి పద్ధతికి చెందిన ఐఆర్‌టి ద్వారాన్ని కూడ ఉంచుకొన్నది. వరి రెండు దారులనూ వాడుకొంటుందని 2006లో జపాను పరిశోధకులు రుజువు చేశారు. మడిలో ఇది సౌకర్యమే. ఆ వరినే సున్నపు నేలలో పొడిగా పెంచితే, ధాన్యజాతి మొక్కలన్నింటికంటె ముందు దెబ్బతినేది అదే. 2001లో బార్లీకి చెందిన రెండు జన్యువులను వరిలో ప్రవేశపెట్టి, క్షారనేలలో పెంచి చూడగా, మామూలు వరికంటె నాలుగు రెట్లు గింజ పండింది. ఆనాడు ఈ ఫలితం చాల ఆశ గొలిపింది.

కళ్లెం వదిలితే

ఆ ఆశను ఖరగ్‌పూర్ పల్లానికి తెచ్చి చూద్దాం. సున్నపునేలలో ఇనుము కోసం ఆరాటపడే గుణం వరం. ఫెర్రస్ ఇనుము వేరు చుట్టూ పొంగిపొరలే ఎర్రనేల పల్లంలో అదే గుణం ప్రాణాంతకం కావచ్చు. ఈ సందేహానికి ఆధారం లేకపోలేదు. వరిలో ఇనుము చాలినప్పుడు సంపాదన జన్యువులను అణచివుంచే రెండు మాంసకృత్తులను 2013లో జపాను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటికి హెచ్ఆర్‌జెడ్ అని సంకేతనామం. ఇవి స్వయంగా ఇనుమును అంటిపెట్టుకొని ఉంటాయి కనుక, కణంలో ఇనుము ఎంతున్నదో పసిగట్టే సాధనాలుగా పనిచేస్తాయని భావిస్తున్నారు. ఈ కళ్లేన్ని సడలించిన వరి, ఇనుము తక్కువగా ఉన్న నేలలో మామూలు వరికంటె పచ్చగా ఎదిగింది. దాని గింజలో ఇనుము కూడ ఎక్కువగా చేరింది. ఎంతో సంతోషించదగిన విషయమే. కాని 2018లో అదే బృందం ఆ మొక్కలను అధిక ఇనుములో పెంచినప్పుడు అవి మామూలు వరికంటె తీవ్రంగా దెబ్బతిన్నాయి. సంపాదించే శక్తికంటె, ఆపుకొనే శక్తియే అక్కడ మొక్కను కాపాడుతున్నదన్న మాట.

ఐఆర్‌టి ద్వారం విషయంలో మరొక చిక్కు ఉన్నది. అది ఇనుముకు మాత్రమే తెరుచుకొనే తలుపు కాదు. జింకు, మాంగనీసుతో పాటు విషపదార్థమైన కాడ్మియం కూడ దాని గుండా లోపలికి వస్తుంది. తలుపులు ఎక్కువ చేసే ముందు నేలలో ఏమేమి ఉన్నవో పరీక్షించుకొనడం అవసరం.

అధిక ఇనుమును వరి తట్టుకొనే తీరు మూడంచెలుగా ఉంటుంది. మొదటిది వేరు వెలుపలే అడ్డగించడం. వరి కాడలోను, వేరులోను గాలిగొట్టాలవంటి కణజాలం ఉన్నది. ఆకుల నుండి ప్రాణవాయువు వాటిగుండా వేరు కొనవరకు దిగి, మట్టిలోకి కొంత ఊరుతుంది. అక్కడ ఫెర్రస్ ఇనుము తిరిగి తుప్పుగా మారి వేరుపై ఎర్రని పూతగా పేరుకొంటుంది. నాటిన కొన్ని వారాలకు వరిదుబ్బును పెరికి కడిగి చూస్తే, ఈ తుప్పుపూతను ఎవరైనా కంటితో గుర్తించవచ్చు. కళాశాల వృక్షశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటె చవుకైన ప్రయోగం దొరకదు. పొటాషియం తగినంత ఉన్న మొక్కలలో ఈ శక్తి మెరుగ్గా ఉంటుంది. ఎర్రనేలలలో కొరవడేది సరిగ్గా పొటాషియమే. రెండవ అంచెలో, లోపలికి వచ్చిన ఇనుమును మొక్క వేరులోను, కాడ మొదటిలోను నిలిపివేసి లేత ఆకులకు చేరకుండా చూస్తుంది.

మూడవ అంచె కణం లోపలిది. కణమధ్యంలో ఉండే రిక్తిక అనే సంచిలోకి ఇనుమును తరలించే విఐటి అనే ద్వారాలు కొన్ని. మరికొంత ఇనుమును ఫెరిటిన్ అనే మాంసకృత్తు తనలో దాచుకొంటుంది. బోలుగా ఉండే గోళంవంటి ఈ అణువు ఒక్కటే సుమారు 4,500 ఇనుప పరమాణువులను నిలువచేయగలదు. అలా బంధించబడిన ఇనుము పెరాక్సైడును తాకలేదు కనుక అపాయం లేదు. అవసరమైనప్పుడు తిరిగి విడుదలవుతుంది. ఈ మూడు అంచెలకూ వెనుక ఒకే జన్యువు లేదు. అనేక జన్యువులు కొద్దికొద్దిగా తోడ్పడతాయి. అందుకే ఇనుము విషాన్ని తట్టుకొనే రకాన్ని తయారుచేయడం, పొట్టివరిని తయారుచేసినంత సులభం కాలేదు.

ఈ జన్యువుల అన్వేషణకు ఊతమిచ్చింది వరి జన్యుక్రమం. పది దేశాల వరకు పాల్గొన్న ఈ మహాప్రయత్నం 2005లో పూర్తయింది. పదకొండవ క్రోమోసోములో ఒక భాగాన్ని ఢిల్లీలోని మన శాస్త్రజ్ఞులు చదివి ఇచ్చారు. వరిలో సుమారు 37,500 జన్యువులు ఉన్నట్లు ఆనాడు లెక్క తేలింది.

జన్యువులకంటె ముందే రైతులు, ప్రజననకారులు కంటిచూపుతో ఎంపిక చేసిన రకాలు కూడ ఉన్నాయి. ఇనుము విషాన్ని కొంత ఓర్చుకొనే వాటిలో మసూరి పేరు చెప్పబడుతుంది. మలేషియాలో రూపొందిన ఈ రకం కోస్తా ఆంధ్రలోను, తూర్పు భారతంలోను ఎంతగానో ఆదరణ పొందింది. మసూరిని ఒక తల్లిగా చేసుకొని పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, నేడు పశ్చిమ బెంగాల్, ఒడిశా రాష్ట్రాలలో విస్తారంగా పండుతున్నది. ఖరగ్‌పూర్ తెలుగువారి ఇండ్లలో ఉడికే అన్నం, తాతల ఊళ్లకు దాపున పుట్టిన వంగడానిదే కావడానికి ఎంతైనా అవకాశమున్నది. ఈ వంగడాలు మేదినీపూర్‌కు చేరింది దిగుబడి బలంతో. ఇనుమును ఓర్చుకొనే గుణం తల్లి నుండి బిడ్డకు ఎంతవరకు సంక్రమించిందనేది ఒక్కొక్క రకాన్ని వేరుగా, అదే నేలలో నాటి చూసి తేల్చవలసిన ప్రశ్న. తల్లి పేరు చూసి బిడ్డను నమ్మరాదు.

1951లో హిజిలీ నిర్బంధ శిబిరపు భవనంలో ప్రారంభమైన ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థ ఈ ఎర్రనేల మీదనే తన వ్యవసాయక్షేత్రాన్ని నడుపుతున్నది. 1931లో ఇద్దరు స్వాతంత్ర్య యోధులు పోలీసు కాల్పులలో నేలకొరిగిన ఆవరణ అది. ఆమ్లగుణంగల ఈ లాటరైట్ నేలలో వరి తరువాత ఆవ పండించే పద్ధతిలో థర్మల్ కేంద్రాల బూడిద, సేంద్రియ వ్యర్థాలు, రసాయనిక ఎరువులు కలిపి వాడితే ఏమవుతుందో అక్కడి శాస్త్రజ్ఞులు పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. నేలలోని ఆమ్లగుణాన్ని తగ్గించడం, మధ్యలో ఒకసారి మడి నీరు తీసివేసి నేలకు గాలి తగలనివ్వడం, పొటాష్ వేయడం - ఇవి రైతుకు నేడు అందుబాటులో ఉన్న మార్గాలు. అన్నభేది ఇక్కడి పల్లానికి పనికిరాదని వేరుగా చెప్పనవసరం లేదు. అయినా 'ఆకు రంగు మారింది, అన్నభేది చల్లండి' అనే సలహా జిల్లాలు దాటి ప్రయాణిస్తూనే ఉంటుంది.

గింజలోని ఇనుము

ఇంత ఇనుమున్న నేలలో పండిన బియ్యంలో ఇనుము ఎంత? పాలిష్ పట్టిన బియ్యంలో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు మాత్రమే. వేరు దగ్గర, ఆకు దగ్గర అడ్డగింపులు దాటి గింజకు చేరేది స్వల్పం. చేరినదానిలో అధికభాగం గింజ పైపొరలలోనే ఉండి తవుడుతో పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశం మొత్తంమీద 57 శాతం. పశ్చిమ బెంగాల్‌లో 71.4, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. ఇనుము లోపం వాటిలో ప్రధానమైన వాటిలో ఒకటి.

గింజలో ఇనుమును పెంచడానికి కూడ పై జన్యువులనే ఆశ్రయించారు. 1999లో జపానులో సోయాచిక్కుడు ఫెరిటిన్ జన్యువును వరిగింజలో పనిచేయించి, ఇనుమును మూడు రెట్ల వరకు పెంచారు. కలకత్తా విశ్వవిద్యాలయం వారు 2012లో ఇతర జాతి జన్యువు జోలికి పోకుండా, వరికే చెందిన ఫెరిటిన్ జన్యువును పూసా సుగంధ్ రకపు గింజలో అధికంగా పనిచేయునట్లు చేశారు. 2016లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, సోయా ఫెరిటిన్‌తో పాటు నికోటియానమిన్‌ను తయారుచేసే వరి జన్యువును కూడ జోడించి, పాలిష్ బియ్యంలో కిలోకు 15 మిల్లీగ్రాముల ఇనుమును సాధించింది. ఇతర జాతి జన్యువు చేర్చిన వరిని మన దేశంలో సాగుకు అనుమతించలేదు. 2025 మే నెలలో ప్రకటించబడిన రెండు వరి రకాలు స్వంత జన్యువులలో సవరణ చేసినవి. వాటికి మూలం సాంబమసూరి, కాటన్‌దొర సన్నాలు - రెండూ తెలుగునేల వంగడాలే. ఆ సవరణలు దిగుబడికి, కరువుకు, చౌడుకు సంబంధించినవి గాని ఇనుముకు కాదు.

పైన పేర్కొన్న నికోటియానమిన్ గురించి మరొక మాట. 1971లో పొగాకు ఆకుల నుండి తొలిసారి వేరుచేయబడినందువల్ల దీనికి ఈ పేరు వచ్చింది. పొగాకులోని మత్తుతో దీనికి సంబంధం లేదు. ముజీనిక్ ఆమ్లానికి మూలపదార్థం ఇదే. మొక్క శరీరంలో ఇనుమును అంటిపెట్టుకొని కణం నుండి కణానికి క్షేమంగా మోసుకొనిపోయేదీ ఇదే. ఇది సమృద్ధిగా ఉన్న వరి ఇనుము కొరతను మెరుగ్గా తట్టుకొంటుందని ముందే తెలుసు. 2019లో వెలువడిన పరిశోధనలో, దీనిని తయారుచేసే నాస్-3 అనే జన్యువు పనిచేయని వరి, అధిక ఇనుములో ఎక్కువగా దెబ్బతిన్నది. ఇనుము బంధంలో ఉన్నంతవరకు పెరాక్సైడుతో కలవలేకపోవడమే దీనికి కారణమని భావించవచ్చు. కరువులోను, మితిమీరినప్పుడు కూడ ఒకే పదార్థం ఆదుకోవడం, ఇంతవరకు చెప్పిన జన్యువులలో అరుదైన గుణం.

సున్నపునేలకూ, ఎర్రనేల పల్లానికీ ఒకే వంగడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఈ దారిలో కొంత వెలుగు కనబడుతున్నది. అయితే ప్రయోగశాలలోని కుండలో ఇనుము ఒకే మోతాదులో ఉంటుంది. పల్లపు మడిలో అది వాన పడిన రోజును బట్టి, మెరక నుండి దిగిన ఊటను బట్టి వారం వారం మారుతుంది. ఒక ఏడు కంచు రంగుకు తిరిగిన మడి మరుసటి ఏడు పచ్చగా ఉండవచ్చు. ఇటువంటి చోట ఏ రకాన్నయినా రెండు మూడు వర్షాకాలాలు వరుసగా నాటి, నాటిన నాల్గవ వారం నుండి ఆకుల మీది చుక్కలను లెక్కించి, కోతనాడు గింజను తూచిన తరువాతనే రైతు చేతికి విత్తనం ఇవ్వవలసి ఉంటుంది.